బేబి చేతి పదును

నోరు కోసింది ఆవిడ కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. నర్సీపట్నంలో ఇప్పటికీ కొందరు ఆవిణ్ణి "నోరు కోసిన బేబి" అనే అంటారు.

ఐదేళ్ల కిందట బేబి మెయిన్ రోడ్డులో ఒక పళ్ల ఆసుపత్రిలో పని చేసేది. ఆవిడ డాక్టరు కాదు. విశాఖపట్నంలో రెండేళ్ల డిప్లొమా చదివిన డెంటల్ హైజీనిస్టు. డాక్టరు చెప్పిన ప్రకారం పళ్ల గార తీసి, చిగుళ్ల లోపల శుభ్రం చేసే పని ఆవిడది. అలాంటి ఉద్యోగం ఒకటుందని మన వైపు చాలామందికి తెలీదు. నర్సమ్మ అనుకుంటారు. పేర్లు పిలిచే అమ్మాయి అనుకుంటారు.

ఆ గొడవ జరిగిన రోజు కుర్చీలో కూర్చున్నది ఒక జీడిపప్పు వ్యాపారి. ఆయనకీ తొందరే, డాక్టరుకీ తొందరే. బేబి పళ్లెంలో పరికరాలు సర్దుతూ ఒక క్యూరెట్‌ని విడిగా పెట్టింది. క్యూరెట్ అంటే పెన్ను అంత కాడకి చివర సన్నటి వంపు, ఆ వంపు చివర గోరంత కూడా లేని చెంచా లాంటి అంచు. చిగురు కిందకి వెళ్లి గారని గీకేది అదే. విడిగా పెట్టినదాని అంచు మొద్దుబారిపోయింది. సానరాయి విరిగి నెల దాటింది. కొత్తది తెప్పించమని ఆవిడ మూడుసార్లు అడిగింది. అది వాడొద్దని ఆ పూట కూడా చెప్పింది. డాక్టరు తనే చేస్తానని కూర్చుని, మాటల్లో పడి దాన్నే అందుకున్నాడు.

మొద్దు అంచు గారని పట్టుకోదు, దాని మీంచి జారుతుంది. జారుతోందని ఆయన ఇంకా గట్టిగా నొక్కాడు. నొక్కే చేతికి ఆసరాగా పక్క పంటి మీద వేలు ఆనించాలి. అదీ చెయ్యలేదు. పరికరం ఒక్క విసురున జారి వ్యాపారి నాలిక కింద దిగబడింది.

వ్యాపారి రుమాలు నోట్లో కుక్కుకుని లేచాడు. డాక్టరు వేలు బేబి వైపు తిరిగింది. ఈవిడ పదును ఎక్కువ పెట్టేసిందండి, అన్నాడు. బయట బెంచీల మీద కూర్చున్న పదిమందీ విన్నారు. ఆవిడ చేత వ్యాపారికి క్షమాపణ చెప్పించారు. సాయంత్రం రేపట్నించి రావద్దన్నారు.

ఈ ఊళ్లో బోర్డు మీద ఎవడి పేరుంటే వాడిదే మాట. నాకు ఒళ్లు మండేది మాత్రం ఆ అబద్ధం తీరు చూసి. జరిగినదాన్ని సరిగ్గా తిరగేసి చెప్పాడు. పదును లేక జరిగినదాన్ని పదును ఎక్కువై జరిగిందన్నాడు. చేతి పని చేసేవాళ్లకి ఆ అబద్ధం చిటికెలో తెలిసిపోతుంది. ఆ బెంచీల మీద అలాంటివాళ్లు లేరో, ఉండి ఊరుకున్నారో.

బేబిది ఏటికొప్పాక. తండ్రి కన్నారావు లక్క బొమ్మలు చేస్తాడు. పదో తరగతి అయ్యాక ఆవిడ తండ్రి పక్కన మిషను దగ్గర కూర్చుని అంకుడు కర్ర తొలవడం నేర్చుకుంది. మిషను మీద కర్ర గిరగిరా తిరుగుతుంటుంది. దాని ముందు అడ్డంగా ఒక కమ్మీ. ఉలిని ఆ కమ్మీ మీద ఆనించి, కర్రకి తగిలీ తగలనట్టు పెట్టాలి. ఆనుడు లేకుండా పెడితే కర్ర ఉలిని లాక్కుపోతుంది, లేకపోతే ఉలి వేళ్లని లాక్కుపోతుంది. కన్నారావు ఎడమచేతి చూపుడువేలు సగమే ఉంటుంది. ఆనుడు సంగతి కూతురికి ఆయన రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు.

ఊళ్లో మెడికల్ క్యాంపుకి వచ్చిన ఒక డాక్టరమ్మ కుంకుమ భరిణెలు కొంటూ ఈవిడ చేతులు చూసిందట. ఈ చేతులతో చదవాల్సిన కోర్సు ఒకటుందని చెప్పింది ఆవిడే. తల్లి అప్పయ్యమ్మ నెల రోజులు ఏడ్చింది. ఊళ్లోవాళ్ల నోళ్లలో వేళ్లు పెట్టే ఉద్యోగం ఆడపిల్లకి ఏమిటని.

కోర్సులో మొదటి రోజు జరిగింది బేబి తనే నవ్వుతూ చెబుతుంది. బొమ్మ దవడ ఇచ్చారు. క్యూరెట్‌ని పెన్ను పట్టినట్టు పట్టుకోవాలన్నారు. బొటనవేలూ చూపుడువేలూ కాడని పట్టుకుంటే, మధ్యవేలి మెత్తటి భాగం కిందుగా కాడ మెడ మీద ఉండాలి. ఉంగరం వేలు పక్క పంటి మీద ఆనాలి. తక్కిన పిల్లలందరి వేళ్లూ తప్పుతున్నాయి. ఈవిడ వేలు మాత్రం తేనెటీగ వాలినట్టు వాలింది. అంచు పంటికి తగిలించింది. అలాగే కూర్చుంది. కూర్చునే ఉంది. ఎందుకు ఆగావమ్మా అని మేడమ్ అడిగింది. అప్పుడు తనకే వెలిగింది. మిషను దగ్గర ఉలి కదలదు, కర్ర తిరుగుతుంది. ఆవిడ పన్ను తిరుగుతుందని చూస్తోంది.

క్లాసంతా వారం రోజులు నవ్వింది. "ఏటే బేబీ, పన్ను తిరిగిందా?" అని క్యాంటీన్‌లో కూడా అడిగేవారట.

ఇంకో అలవాటు మానడానికి ఆవిడకి మూడు నెలలు పట్టింది. ఉలి సాన పట్టాక కన్నారావు దాన్ని బొటనవేలి గోరు మీద పెట్టి చూస్తాడు. గోరుని పట్టుకుంటే పదునున్నట్టు, జారితే లేనట్టు. బేబి క్యూరెట్‌నీ అలాగే చూసేది. రోగి నోట్లోకి వెళ్లే పరికరం గోటికి తగలకూడదని మేడమ్ ఎన్నిసార్లు చెప్పినా చెయ్యి ఊరుకునేది కాదు. చివరికి గోటి బదులు సన్నటి ప్లాస్టిక్ పుల్ల ఇచ్చారు. పుల్లని పట్టుకుంటే పదునున్నట్టు. ఇప్పటికీ ఆవిడ బల్ల మీద అలాంటి పుల్లలు శుభ్రం చేసి పెట్టి ఉంటాయి.

ఉద్యోగం పోయాక ఏడు నెలలు ఆవిడని ఎవరూ పెట్టుకోలేదు. చిన్న ఊళ్లో కబురు ఆటో కన్నా ముందెళ్తుంది. మళ్లీ తండ్రి మిషను దగ్గర కూర్చుని భరిణెలు తొలిచింది.

ఆ తర్వాత పనిచ్చింది ఉమామహేశ్వరరావు గారు. సర్కారు ఆసుపత్రిలో పళ్ల డాక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర మందుల షాపు మేడ మీద రెండు గదుల్లో క్లినిక్ పెట్టుకున్నారు. వయసు మీద పడి చేతులు కొంచెం వణుకుతున్నాయి. ఆ సంగతి దాచలేదాయన. బేబి వెళ్లినప్పుడు సర్టిఫికెట్లు అడగలేదు, పాత గొడవ అడగలేదు. ఒక మొద్దు క్యూరెట్, ఒక రాయి చేతిలో పెట్టి బయటికెళ్లి టీ తాగొచ్చారు. తిరిగొచ్చి ప్లాస్టిక్ పుల్ల మీద అంచు పెట్టి చూసి, రేపు తొమ్మిదింటికి రమ్మన్నారు.

నేను ఆవిణ్ణి చూసింది మా నాన్న మూలంగా.

మా నాన్న సింహాద్రి. మాది రోలుగుంట. పొద్దున సెలూను, ముహూర్తం ఉన్ననాడు సన్నాయి. మా కులానికి ఈ రెండూ తరాలుగా వస్తున్నవే. మా నాన్న సన్నాయి ఊదుతుంటే తలలూపినవాళ్లే భోజనాల దగ్గర ఆకు చివరి వరసలో వేస్తారు. అది వేరే కథ. ఆయనకి మాత్రం ఆ బాధ ఉన్నట్టు నాకెప్పుడూ కనబడలేదు. సన్నాయి ఉంటే చాలు.

రెండేళ్ల కిందట జ్యేష్ఠమాసం పెళ్లిళ్లలో ఆయన కింది ముందు పళ్లు కదలడం మొదలైంది. సన్నాయి పీకని రెండు పెదవుల మధ్య బిగించి ఊదుతారు. కింది పెదవి వెనక పళ్లు గోడలా నిలబడాలి. గోడ కదిలితే ఊపిరి పక్కనించి పోతుంది. పై స్థాయి పట్టబోతే గాలి మోత వస్తోంది. పెళ్లివారికి తెలీలేదు, డోలు వాయించేవాడికి తెలిసింది.

ఒక చోట చూపిస్తే కింది ఆరు పళ్లూ తీసేసి కట్టుడు పళ్లు పెట్టుకోమన్నారు. నాన్న ఆ మాట విని ఇంటికొచ్చి రెండు రోజులు సన్నాయి గుడ్డ విప్పలేదు. ఆయన జతగాడు పెదబాబు అలాగే పెట్టించుకున్నాడు. మొదటి పెళ్లిలో తాళి కట్టే వేళకి పళ్లసెట్టు పైకి లేచింది. ఇప్పుడు పెదబాబు సన్నాయి పక్కన శృతిపెట్టె పట్టుకుని కూర్చుంటున్నాడు. నాన్నకి యాభై ఎనిమిదేళ్లు. శృతిపెట్టె పట్టుకుని కూర్చోవడం ఆయన వల్ల కాదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

ఆషాఢం రాగానే ఉమామహేశ్వరరావు గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఎక్స్‌రే తీశారు. తర్వాత బేబి గీతలున్న సన్నటి పుల్ల లాంటి ప్రోబ్ తీసుకుని, పంటికీ చిగురుకీ మధ్య ఎంత లోతు పోతోందో ఒక్కొక్క పంటికీ ఆరు చోట్ల కొలిచింది. మూడు, మూడు, ఆరు, ఏడు, ఐదు, ఏడు. అంకెలు చెబుతుంటే డాక్టరు గారు రాసుకుంటున్నారు. మూడు మిల్లీమీటర్లలోపు ఉంటే మంచిదట. మా నాన్న కింది పళ్లలో మూడులు తక్కువ.

డాక్టరు గారు దాచకుండా చెప్పారు. గార చిగురు కిందకి దిగి, దాని వెంబడి పంటిని పట్టుకునే ఎముక కొంత కరిగింది. కరిగింది తిరిగి రాదు. లోపలి గార తీస్తే చిగురు మళ్లీ పంటిని అంటిపెట్టుకోవచ్చు, కదలడం తగ్గొచ్చు. అన్ని పళ్లూ నిలుస్తాయని మాటివ్వనన్నారు. నాలుగుసార్లు రావాలి, చుట్ట మానాలి, శ్రావణం పెళ్లిళ్లు ఒప్పుకోకూడదు.

నాన్న చుట్టకి ఒప్పుకున్నాడు. శ్రావణానికి మాత్రం నా మొహం చూశాడు.

బేబి పని చేస్తుండగా నేను పక్కన నిలబడి చూశాను. తర్వాత ఆవిడ పాత పాఠ్యపుస్తకం అడిగి తెచ్చుకుని రెండుసార్లు చదివాను. కాబట్టి చూసింది నాకు అర్థమైన మేరకు రాయగలను. లోపలికి వెళ్లేటప్పుడు క్యూరెట్ ముఖం పంటికి బోర్లించినట్టు ఉంటుంది, చిగురు గీరుకోకుండా. చిగురు అడుగు తగిలాక అంచుని కొంచెం పైకి తిప్పుతుంది. అప్పుడు గానీ అది గారని పట్టదు. పట్టాక పైకి లాగుతుంది. పొడుగ్గా కాదు, బియ్యపు గింజంత. దాని పక్కనే ఇంకోటి, దాన్ని ఒరుసుకుంటూ ఇంకోటి. పంటి గుండ్రం మీద అంచు మొత్తం ఆనదు, కొసన కొంచెమే ఆనుతుంది. మలుపు తిరిగేచోట కాడని వేళ్ల మధ్య దొర్లిస్తుంది. లాగే బలం వేళ్లది కాదు, మణికట్టూ ముంజేయీ కలిసి ఒక్కటిగా కదులుతాయి. అలా కాకుండా వేళ్లతోనే లాగితే మధ్యాహ్నానికి చెయ్యి పడిపోతుందట. ఇంత జరుగుతున్నా ఆ ఉంగరం వేలు మాత్రం పక్క పంటి మీంచి లేవదు.

మధ్యలో ఆగి, శుభ్రం చేసిన రాయి తీసి నాలుగుసార్లు సాన పట్టింది. పుల్ల మీద చూసింది. మళ్లీ మొదలుపెట్టబోతుంటే నాన్న చెయ్యెత్తి ఆపాడు. మత్తు సూది వల్ల మాట ముద్దగా వస్తోంది.

"మద్దిలో సాన పడతన్నావేటమ్మా?"

"మొద్దుబారింది బాబాయ్. భయపడకండి, పదునున్నా కొయ్యదు."

"పదునుంటే ఎందుకు కోస్తాదీ? మొద్దు కత్తే కదమ్మా మనిషిని కోసేది. ముప్పయ్యేళ్లు గడ్డాలు గీశాను, నాకు సెప్తావేటి."

బేబి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మాస్కు పైన కళ్లు తప్ప ఏమీ కనిపించడం లేదు. పనుంది నోరు తెరవండి బాబాయ్, అంది. పని అయ్యాక నాన్నకి నీళ్లిచ్చి, పుక్కిలిస్తుంటే పక్కన నిలబడి జీడిపప్పు వ్యాపారి సంగతంతా చెప్పింది. అలా నేను విన్నాను. మూడేళ్లలో ఆ మాట అన్నవాడు మా నాన్న ఒక్కడేనట. డాక్టరుగారు కూడా అనలేదా అని నేనడిగితే, ఆయన అడగనే లేదు కదా అంది.

మూడోసారి వెళ్లిన రోజు సంత. మేడ మెట్ల మీద కూడా జనం. ఆ రోజు వంతు కింది ముందు పళ్లదే. మొదట మిషనుతో నీళ్లు చిమ్ముతూ గార కదిపింది. తర్వాత క్యూరెట్‌తో అరగంట. ఆ తర్వాత గార ఎక్కడైనా మిగిలిందేమో చూసే సన్నటి సూది లాంటి పరికరం తీసి లోపల నడిపించింది. దాన్ని పట్టుకున్నప్పుడు చెయ్యే వేరు. గీకేటప్పుడు బిగింపు, వెతికేటప్పుడు రెక్క పట్టుకున్నట్టు వదులు. గట్టిగా పట్టుకుంటే కొస ఏం చెబుతోందో వేళ్లకి వినబడదని నాకు తర్వాత చెప్పింది.

ఎడమ పక్క ఒక పంటి దగ్గర ఆగింది. మళ్లీ వెనక్కి నడిపింది. మళ్లీ ఆగింది.

డాక్టరు గారు తలుపు దగ్గర్నించి అన్నారు, "బేబీ, ఇంక చాలు. బయట తొమ్మిదిమంది ఉన్నారు."

"అడుగున ఇంకా గరుగ్గా తగుల్తంది సార్."

"మిషను పెట్టావు కదా?"

"పెట్టాను. ఉంది."

ఆయనకి విసుగొచ్చింది. పైన శుభ్రంగానే కనిపిస్తోంది కదా, మరోసారి చూడొచ్చు అన్నారు. మరోసారంటే ఆ కాస్త గారా లోపలే ఉండగా చిగురు మూసుకుంటుంది. మూసుకున్నాక లోపల ఏమవుతుందో ఆ ఎక్స్‌రే చూసినవాళ్లకి తెలుసు. నాన్న నోరు తెరుచుకుని కుర్చీలో ఉన్నాడు, మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఒకచోట ఇలాగే చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి బేబి. ఇక్కడ ఊరుకుంటే ఎవరూ తప్పనరు. నేనైతే ఊరుకునేవాణ్ణి, ఇంటికెళ్లి తిట్టుకునేవాణ్ణి.

ఆవిడ వాదించలేదు. చేతిలోది కాడ వైపు తిప్పి డాక్టరు గారికి అందించింది.

"మీరే సూడండి సార్."

ఆయన గ్లౌజులు మార్చుకుని వచ్చి కూర్చున్నారు. పరికరం కొస వణుకుతోంది. ఉంగరం వేలు పక్క పంటి మీద ఆనించారు. వణుకు ఆగిపోయింది. కళ్లు మూసుకుని కొసని కిందికి నడిపారు. మేమంతా ఆయన కళ్లు తెరిచేదాకా చూస్తున్నాం. తెరిచి, పరికరం బేబికిచ్చి లేచారు. బయట మెట్ల మీదివాళ్లకి ఇంకో అరగంట పడుతుందని ఆయనే చెప్పడం వినిపించింది.

అది అరగంటలో కాలేదు. నలభై నిమిషాలు పట్టింది. చివర్లో గాజుగుడ్డ మీద నల్లటి ముక్క ఒకటి తుడిచి నాన్నకి చూపించింది. ఆవగింజలో సగం ఉంది.

భాద్రపదంలో మళ్లీ కొలిచారు. ఏడులున్నచోట నాలుగులు, ఆరులున్నచోట మూడులు వచ్చాయి. ఒక పన్ను మాత్రం నిలవలేదు. మధ్యలో కుడివైపుది, దాన్ని తీసేశారు. తక్కినవాటిని లోపలి వైపు సన్నటి తీగతో ఒకదానికొకటి కలిపి కట్టి, ఆ ఖాళీలో అదే తీగకి ఒక పన్ను అతికించారు. పన్ను పోయినందుకు బేబి నాన్నకి క్షమాపణ చెప్పింది. ఆవిడ తప్పేమీ లేదని డాక్టరు గారే అన్నారు. ఆవిడకి తెలుసు. అయినా చెప్పింది. ఆ పాత ఆసుపత్రిలో ఆవిడ చేత బలవంతాన చెప్పించిన క్షమాపణకీ దీనికీ తేడా ఏమిటో ఆ గదిలో ఉన్న నాకు తెలుసు.

కార్తీకంలో మాకవరపాలెం దగ్గర ఒక పెళ్లి. నాన్న మూడు గంటలు ఊదాడు. పై స్థాయికి వెళ్లేముందు ఒక్క క్షణం ఆగాడు. తర్వాత వెళ్లాడు. గాలి మోత రాలేదు. డోలు వాయించేవాడు నా వైపు తిరిగి కనుబొమ్మలెగరేశాడు. మర్నాడు పొద్దున్నే నాన్న తమలపాకులూ, అరటిపళ్లూ, పెళ్లివారిచ్చిన పంచె తీసుకుని క్లినిక్‌కి వెళ్లాడు. బేబి ఆకులూ అరటిపళ్లూ తీసుకుంది, పంచె తిరిగిచ్చేసింది.

ఆవిడకి ఇప్పుడు నలభై దాటుతున్నాయి. చీర మీద తెల్లకోటు. ఏటికొప్పాక నించి రోజూ రాకపోకలు కష్టమని నర్సీపట్నంలోనే గది తీసుకుంది. ఆదివారాలు తండ్రి దగ్గరికి వెళ్తుంది. సినిమాలు చూడదు, తినుబండారాలు మాత్రం కాదనదు, బొంగరాల్లాంటి బూరెలు అయితే మరీ. ఈ రెండేళ్లలో నేను కలిసిన మనుషుల్లో తన పని గురించి మాట్లాడుతూ తనని పొగుడుకోనిది ఈవిడే. నేను మనుషుల్ని త్వరగా మెచ్చుకునేవాణ్ణి కాను. మెచ్చుకుంటే వాళ్లు పాడవుతారని కాదు, మెచ్చుకోదగ్గవి తక్కువ కనబడతాయి కనుక. ఈవిణ్ణి మెచ్చుకోడానికి నాకు ఇబ్బంది లేదు.

ఆఖరుసారి కలిసింది మొన్న ఫాల్గుణంలో. డాక్టరు గారు ఆర్నెల్లకోసారి రమ్మని రాసిచ్చారు. నిరుడు ఆషాఢంలో వెళ్లినదాన్నించి లెక్కేస్తే పుష్యంలో వెళ్లాలి. నాన్న వెళ్లలేదు. పుష్యంలో చలి అన్నాడు, మాఘంలో పెళ్లిళ్లన్నాడు. నొప్పి లేదు కదా అన్నాడు. ఫాల్గుణంలో చిగురు దగ్గర రక్తం కనబడ్డాక లేచాడు. బేబి కొలిచింది. ఒకచోట మూడు ఐదయింది. ఆ ఐదుని ఆవిడ రెండుసార్లు కొలిచింది. పంటి మీద వేలు ఆనించుకుని గంట సేపు పని చేసి, నీళ్లిచ్చి, కోటు విప్పుతూ అప్పుడు మాట్లాడింది. నాన్న తప్పు చేసిన పిల్లాడిలా పుక్కిలిస్తూ ఉన్నాడు.

"ఈ జబ్బు నొప్పెట్టదు బాబాయ్. నొప్పెట్టే వేళకి నా సేతిలో ఏటీ ఉండదు. మాఘం మీది, వైశాఖం మీది, శ్రావణం మీది, నేనొద్దన్ను. ఆషాఢంలోనూ పుష్యంలోనూ ముహూర్తాలుండవు కదా, ఎవులూ మిమ్మల్ని పిలవరు. ఆ రెండు నెలలూ నాకిచ్చీండి."